తెర వెనక రెండు గంటలు

మొన్న అమలాపురం దగ్గర మా ఊరి తీర్థంలో, అంటే జాతరలో, పద్యనాటకం వేశారు. నన్ను ప్రాంప్టర్‌గా సైడ్ వింగ్‌లో నిలబెట్టారు. మాట మర్చిపోయినవాళ్లకి మెల్లగా అందించాలి. నా టెన్షన్‌లో అది కాస్తా మైకులో వినబడి జనం ఒకటే నవ్వు.

మేకప్ వేసే మావయ్య ‘ఆహార్యం అయిందా?’ అనడిగితే నేను పులిహోర పొట్లం చూపించాను! వేషం, నగలు, రంగు అన్నీ కలిపి ఆహార్యమట. ఆంగికం (ఒంటి కదలికలు), వాచికం (మాట), సాత్త్వికం (మనసులోని భావం)తో పాటు అభినయంలో అదొకటి.

‘నేపథ్యం’ ఇంకా వింత. మనం బ్యాక్‌గ్రౌండ్ అన్న అర్థంలో వాడేస్తాం గానీ, సంస్కృత నాటకాల్లో అది తెర వెనక వేషాలు కట్టుకునే చోటు. అంటే మా కొబ్బరాకుల పాకన్నమాట. అక్కడ భీముడు మీసం జిగురు ఇంకా ఆరక, పెదవి కదపకుండా స్ట్రాతో గోళీసోడా తాగుతున్నాడు.