ఈసారి నిజంగా మద్దెలే ఓడు

సంక్రాంతికి మా మేనల్లుడు హైదరాబాద్ వచ్చాడు, ఇంటర్ సెకండియర్, పరీక్షలు నెత్తి మీదున్నా వాడికేం పట్టదు. రాత్రి పదకొండింటికి నా వెనకాల కుర్చీ లాక్కుని జంతికలు నములుతూ నేను వాలరెంట్ (తుపాకులతో కాల్చుకునే కంప్యూటర్ గేమ్) ఆడుతుంటే చూస్తున్నాడు. మూడు రౌండ్లు అయ్యాయి, మూడిట్లోనూ మనిషి ఎదురుగా ఉంటే నేను వాడి పక్కనున్న గోడని కాల్చాను. "మావయ్యా, నీకు ముసలితనం వచ్చేసింది" అన్నాడు. నాకు 34.

మౌస్‌లో ఏదో తేడా ఉందిరా అన్నాను. "ఆడలేక మద్దెల ఓడు అని అమ్మమ్మ అంటుంది కదా, అది నీ గురించేనా" అన్నాడు. పక్క గదిలోంచి మా అమ్మ నవ్వింది కూడా.

అసలు సంగతేంటంటే దసరా సేల్‌లో ఒక వైర్‌లెస్ గేమింగ్ మౌస్ కొన్నాను (ఏ కంపెనీ అన్నది అనవసరం లెండి, చివరికి తప్పు దానిది కాదు), అంతకుముందు నాలుగేళ్లు వైరున్న మౌసే. కొత్తది వచ్చిన దగ్గర్నించి ఒక రాత్రి చెయ్యి అద్భుతంగా ఆడుతుంది, ఇంకో రాత్రి కొంచెం కదిపితే చాలు క్రాస్‌హెయిర్ (గురి చూసే గుర్తు) ఎక్కడికో వెళ్లిపోతుంది. నేనేమో గేమ్‌లో సెన్సిటివిటీ (చెయ్యి కదిపితే చూపు ఎంత తిరగాలో చెప్పే నంబర్) 0.4 ఉంటే 0.3 చేశాను, ఇంకా ఎక్కువనిపించి 0.22 చేశాను, మర్నాడు అదే 0.22 పెట్టుకుని ఆడితే ఎడ్లబండి తిప్పుతున్నట్టుంది, మళ్లీ పెంచాను. మూడు నెలలు ఇదే పని. నిద్ర తక్కువైందనుకున్నాను, మౌస్‌ప్యాడ్ అరిగిందనుకుని కొత్తది కూడా కొన్నాను, 45 సెంటీమీటర్లది. ఒక్కరోజు కూడా అసలు ఈ మౌస్ ఇప్పుడు ఎంత డీపీఐలో నడుస్తోందో కొలుద్దాం అని మాత్రం అనిపించలేదు చూడండి.

డీపీఐ అంటే పెద్ద బ్రహ్మపదార్థం ఏం కాదు. మౌస్ ఒక అంగుళం కదిలితే కంప్యూటర్‌కి ఎన్ని లెక్కలు పంపిస్తుంది అన్నదే. 800 డీపీఐ అంటే అంగుళానికి 800 లెక్కలు. మౌస్ అడుగున ఉన్న సెన్సర్ కింద ఉన్న గుడ్డనో చెక్కనో సెకనుకి వేలసార్లు ఫోటోలు తీసుకుంటూ, ముందు ఫోటోకీ ఇప్పటి ఫోటోకీ ఎంత జరిగిందో చూసుకుని ఈ లెక్క చెప్తుంది. (మా చిన్నప్పుడు నెట్ సెంటర్లో మౌస్ అడుగున రబ్బరు బంతి ఉండేది, కౌంటర్ స్ట్రైక్ 1.6 గేమ్ మధ్యలో కర్సర్ ఇరుక్కుంటే బంతి తీసి లోపల రోలర్లకి పట్టిన మురికి గోరుతో గీకి మళ్లీ పెట్టేవాళ్లం, సెన్సిటివిటీ సెట్టింగ్ అంటే అప్పట్లో అదే.)

సరే, కొలవాలి. స్కేలు ఇంట్లో లేదు. ఏటీఎం కార్డు ఉంది. ఏ బ్యాంకు కార్డైనా సైజు ఒకటే, 85.6 మిల్లీమీటర్ల పొడుగు, పొట్టి వైపు దాదాపు 54. ఆ 54 మిల్లీమీటర్లంటే 2.125 అంగుళాలు, దాన్ని 800తో గుణిస్తే 1700. కాబట్టి నా మౌస్ నిజంగా 800లో ఉంటే, కార్డు పొట్టి వైపు అంత దూరం జరిపితే కర్సర్ 1700 పిక్సెల్స్ జరగాలి. నా మానిటర్ వెడల్పు 1920, సరిగ్గా సరిపోతుంది. మౌస్‌ప్యాడ్ పై అంచున కాగితం అతికించి, కార్డు పెట్టి పెన్సిల్‌తో రెండు గీతలు గీశాం. పెయింట్ తెరిచి, కాన్వాస్ స్క్రీన్ అంత పెద్దది చేసి, జూమ్ 100 శాతం పెట్టి (డిస్‌ప్లే స్కేలింగ్ కూడా 100లోనే ఉంచండి, లేకపోతే లెక్క తప్పుతుంది), కర్సర్‌ని ఎడమ చివరికి తెచ్చి, మౌస్ ఎడమ అంచు మొదటి గీత నుంచి రెండో గీత దాకా నెమ్మదిగా జరిపాను. కింద మూల పెయింట్ నంబర్ చూపిస్తుంది కదా, అది చూసుకోవాలి.

మొదటిసారి ఒక నంబరు, రెండోసారి ఇంకోటి, కాస్త స్పీడుగా జరిపితే ఏకంగా స్క్రీన్ చివరికి కొట్టుకుంది. మావాడే కనిపెట్టాడు, విండోస్‌లో ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్ ఆన్‌లో ఉంది. పేరు చూస్తే ప్రెసిషన్ పెంచేదనుకుంటాం, కానీ అది చేసేది యాక్సిలరేషన్, చెయ్యి ఎంత వేగంగా కదిలితే కర్సర్ అంత ఎక్కువ దూరం పోతుంది. ఎక్స్‌పీ కాలం నుంచి ఉంది, మనం తీసేస్తే తప్ప టిక్ పెట్టే ఉంటుంది. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌కి మంచిదే, వేలు తిప్పడానికి చోటు ఉండదు కాబట్టి. కొలతకి మాత్రం పనికిరాదు. రన్‌లో మెయిన్ డాట్ సీపీఎల్ కొడితే పాత మౌస్ విండో వస్తుంది, పాయింటర్ ఆప్షన్స్‌లో ఆ టిక్ తీసేసి, పైన స్పీడ్ స్లైడర్ సరిగ్గా మధ్యలో, అంటే పదకొండింట్లో ఆరో గీత మీద ఉంచాలి, అప్పుడే మౌస్ ఒక లెక్క పంపితే కర్సర్ ఒక పిక్సెల్ కదులుతుంది. వాలరెంట్, సీఎస్ 2 (కౌంటర్ స్ట్రైక్ 2) లాంటి గేమ్‌లు ఈ విండోస్ సెట్టింగ్స్‌ని పట్టించుకోవు, నేరుగా మౌస్ నుంచే తీసుకుంటాయి, అందుకని నా గేమ్ గొడవకి కారణం ఇది కాదు. అయినా పోనిచ్చాను, ఒక చెత్త వదిలింది.

మళ్లీ కొలిచాం. ఈసారి నెమ్మదిగా జరిపినా వేగంగా జరిపినా ఒకటే ఫలితం, కార్డు సగం దాటిందో లేదో కర్సర్ కుడి అంచుకి గుద్దుకుంది. సగం దాటి అంటే 30 మిల్లీమీటర్ల దగ్గర, 1920 పిక్సెళ్లు అంత దూరంలో అయిపోయాయంటే అది 1600 డీపీఐ. నేను పెట్టింది 800! మావాడితో ఇప్పుడు చెప్పరా ఎవరికి ముసలితనం అన్నాను. వాడు ఒప్పుకోడుగా, డీపీఐ బటన్ నొక్కుకుని ఉంటావ్ మావయ్యా అన్నాడు, చక్రం కింద ఉండే బటన్, పొరపాటున వేలు తగిలితే ఒక స్టేజ్ (ముందే పెట్టి ఉంచిన డీపీఐ) నుంచి ఇంకో స్టేజ్‌కి మారిపోతుంది. అదేనేమోనని మౌస్ సాఫ్ట్‌వేర్ తెరిచి చూశాను. అందులో శుభ్రంగా 800 అని ఉంది.

సాఫ్ట్‌వేర్ అలా తెరిచి ఉండగానే ఇంకోసారి కొలిస్తే 1680 పిక్సెల్స్ చూపించింది. అంటే 800 డీపీఐ పక్కన. (ఇరవై పిక్సెళ్లు తేడా వచ్చిందని కంగారు పడక్కర్లేదు, పెన్సిల్ గీత మందమే అంత ఉంటుంది, పైగా ఏ సెన్సరూ రాసినంత కచ్చితంగా ఉండదు, ఒకటి రెండు శాతం అటూ ఇటూ మామూలే.) సాఫ్ట్‌వేర్ పూర్తిగా మూసి కొలిస్తే మళ్లీ 1600 డీపీఐ.

అప్పుడు వెలిగింది. ఈ మౌస్‌లకి రెండు చోట్ల సెట్టింగ్స్ ఉంటాయి. ఒకటి పీసీలో సాఫ్ట్‌వేర్ దగ్గర, రెండోది మౌస్ లోపలే చిన్న మెమరీలో, ఆన్‌బోర్డ్ ప్రొఫైల్ అంటారు. సాఫ్ట్‌వేర్ నడుస్తున్నంతసేపు దాని మాట వింటుంది, అది లేకపోతే తన లోపల ఉన్నది పాటిస్తుంది. నా 800 పీసీలో ఉంది, మౌస్ లోపల ఫ్యాక్టరీ నుంచి వచ్చిన 1600 అలానే ఉంది. మరి సాఫ్ట్‌వేర్ రోజూ ఎందుకు నడవలేదూ అంటే, పీసీ లేటుగా ఆన్ అవుతోందని టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ అన్నీ డిసేబుల్ చేసిన మహానుభావుడిని నేనే. బ్యాటరీ శాతం చూద్దామని సాఫ్ట్‌వేర్ తెరిచిన రాత్రి చెయ్యి బాగా ఆడేది, తెరవని రాత్రి గోడలు కాల్చేవాణ్ని. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు మౌస్‌ప్యాడ్ కూడా మార్చాను.

ఇప్పుడు చేసిందేంటంటే, ఆన్‌బోర్డ్ మెమరీ మోడ్ ఆన్ చేసి అందులోనే 800 పెట్టాను, మిగతా స్టేజ్‌లన్నీ తీసేసి ఒక్కటే ఉంచాను, ఇక ఆ బటన్ ఎన్నిసార్లు నొక్కినా మారడానికి ఏం లేదు. ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో మనల్ని ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించనివ్వరు కదా, అక్కడ పెట్టినా ఇప్పుడు ఇదే వస్తుంది. 800 ఎందుకు, 1600 ఎందుకు కాదు అని మావాడు అడిగాడు, పాయింటే, గేమ్‌లో 800కి 0.4 పెట్టినా 1600కి 0.2 పెట్టినా గుణిస్తే 320 వస్తుంది, ఆ గుణకారాన్నే ఈడీపీఐ అంటారు. నాకు డెస్క్‌టాప్ మీద 800 అలవాటు, అంతే. డబ్బా మీద ఇరవై వేలు, ముప్ఫై వేలు అని పెద్ద పెద్ద నంబర్లు వేస్తారు గానీ ఆ స్పీడ్‌లో ఈగ వాలినా కర్సర్ పక్కూరికి పోతుంది, వాటి కోసం డబ్బులు పెట్టడం శుద్ధ దండగ అని నా అభిప్రాయం.

గేమ్‌లో కూడా ఒకసారి సరిచూసుకున్నాం. వాలరెంట్‌లో సెన్సిటివిటీ 1 పెడితే మౌస్ పంపే ఒక్కో లెక్కకి 0.07 డిగ్రీలు తిరుగుతాం, దాన్నిబట్టి 800కి 0.4 అయితే పూర్తిగా ఒక చుట్టు తిరగడానికి దాదాపు 41 సెంటీమీటర్లు జరపాలి. అమ్మ కుట్టుమిషన్ దగ్గర టేపు తెచ్చి ప్యాడ్ పక్కన పరిచి, ప్రాక్టీస్ రేంజ్‌లో గోడ మీద ఒక మచ్చ చూసుకుని జరిపితే 41 దగ్గరే మళ్లీ ఆ మచ్చ వచ్చింది. 1600లో ఉన్న రాత్రుల్లో ఇదే చుట్టు 20 సెంటీమీటర్లకే అయిపోయి ఉంటుంది, ఇంక గురి ఎదుటివాడి తలకి ఎక్కడ తగుల్తుంది. సీఎస్ నుంచి వచ్చేవాళ్లు అక్కడి నంబర్‌ని 3.18తో భాగించుకుంటే చాలు, అక్కడ లెక్కకి 0.022 డిగ్రీలు, అక్కడి 1.27 ఇక్కడి 0.4.

ఇంకొక్క మాట, సెన్సిటివిటీ తేడా వేరు, తడబాటు వేరు. కర్సర్ ఎక్కువ దూరమో తక్కువ దూరమో పోతే పైన చెప్పిందే, కానీ మధ్యమధ్యలో ఆగి ఎగిరితే డీపీఐ ముట్టుకోకండి, డాంగిల్ (మౌస్ సిగ్నల్ అందుకునే చిన్న యూఎస్‌బీ ముక్క) ఎక్కడుందో చూడండి. మా ఫ్రెండ్‌ది సీపీయూ వెనక నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్ట్‌లో ఉండేది, పక్కన హార్డ్‌డిస్క్ కేబుల్. యూఎస్‌బీ 3.0 నడిచేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో గోల చేస్తుంది, మౌస్ మాట్లాడేదీ అక్కడే, ఇంటెల్ వాళ్లే 2012లో దీని మీద పేపర్ రాశారు. చాలా గేమింగ్ మౌస్‌లకి డబ్బాలోనే చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్ ఇస్తారు, చాలామంది దాన్ని బయటికే తియ్యరు, దాంతో డాంగిల్‌ని టేబుల్ మీదకి, మౌస్‌కి జానెడు దూరంలోకి తెస్తే వాడి గొడవ తీరింది. పోలింగ్ రేట్ 1000 హెర్ట్జ్‌లో ఉంచాను, మిల్లీసెకనుకి ఒకసారి రిపోర్ట్ అన్నమాట, ఆఫీస్ పనికి 125 చాలు, బ్యాటరీ కూడా మిగులుతుంది.

ఇదంతా అయ్యేసరికి రాత్రి ఒంటిగంటన్నర. ఇంకో మ్యాచ్ ఆడాను, మావాడు లేచి మరీ చూశాడు. ఓడిపోయాం, 13-9. కానీ గోడల్ని కాల్చలేదు. "సరేలే మావయ్యా, సగం ముసలితనం" అని పడుకోవడానికి వెళ్లిపోయాడు. పొద్దున్న అమ్మ టేపు ఏదిరా అంటే, ప్యాడ్ పక్కనే ఉంది, 41 దగ్గర నేను పెన్నుతో పెట్టిన గుర్తుతో సహా.