ఎగ్జాంపుల్స్‌ని బిల్డ్‌లో ఉంచాలా, తీసేయాలా?

మా టీమ్‌లో ఈ వారమంతా ఇదే గొడవ. లైబ్రరీతో పాటు ఇచ్చే ఎగ్జాంపుల్ కోడ్‌ని "బిల్డ్ టైమ్ తినేస్తోంది, తీసేద్దాం" అని కొందరు. తీసేస్తే ఏమవుతుంది? ఫంక్షన్‌కి ఒక ఆర్గ్యుమెంట్ పెరుగుతుంది, టెస్టులన్నీ పాసవుతాయి, ఎగ్జాంపుల్ మాత్రం పాత పద్ధతిలోనే పడి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు ముందు కాపీ కొట్టేది దాన్నే కదా!

రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష వాళ్ల పద్ధతి నాకు నచ్చింది. ఎగ్జాంపుల్స్ ఫోల్డర్‌లోని ఫైళ్లను రస్ట్ బిల్డ్ టూల్ కార్గోలోని "కార్గో బిల్డ్" కమాండ్ మామూలుగా ముట్టుకోదు, "కార్గో టెస్ట్" కమాండ్ మాత్రం వాటినీ కంపైల్ చేస్తుంది. వాటికి మాత్రమే కావలసిన లైబ్రరీలను డెవ్ డిపెండెన్సీల్లో (డెవలప్‌మెంట్‌కి మాత్రమే కావలసినవాటి జాబితాలో) పెడితే, మన క్రేట్ (రస్ట్ ప్యాకేజీ) వాడుకునేవాళ్ల నెత్తిన ఆ బరువు పడదు. గో భాషలో అయితే ఇంకా గట్టి: ఎగ్జాంపుల్ ఫంక్షన్ చివర అవుట్‌పుట్ కామెంట్ రాస్తే, "గో టెస్ట్" కమాండ్ దాన్ని నడిపి మరీ ఫలితం సరిచూస్తుంది.

మాది సీ ప్లస్ ప్లస్ భాష, బిల్డ్‌కి సీమేక్ టూల్. ఇక్కడ ఏదీ ఊరికే రాదు. చివరికి ఒక ఆప్షన్ పెట్టాం: మా ప్రాజెక్టును నేరుగా బిల్డ్ చేస్తే ఎగ్జాంపుల్స్ ఆన్, వేరేవాళ్లు తమ ప్రాజెక్టులో కలుపుకుంటే ఆఫ్. ఆ తేడా చెప్పే వేరియబుల్ సీమేక్ 3.21 నుంచి ఉంది. సీఐలో (కోడ్ మారినప్పుడల్లా దానంతటదే బిల్డ్, టెస్టులు నడిపే వ్యవస్థలో) మాత్రం ఎప్పుడూ ఆన్, అందులో బేరాల్లేవ్.