వార్డులో వినిపించే ‘గో’

ఇంగ్లండ్‌లో నర్సుగా నమోదు కావడానికి మనవాళ్లు చాలామంది ఓఈటీ అనే, వైద్యరంగంలో పనిచేసేవాళ్ల ఇంగ్లీషు పరీక్ష రాస్తారు. వినడం, చదవడం, మాట్లాడటంలో బి గ్రేడు, రాయడంలో కనీసం సి ప్లస్ రావాలి. అది వైద్య పరిజ్ఞానాన్ని కాదు, ఆసుపత్రి సందర్భాల్లో వాడే ఇంగ్లీషును పరీక్షిస్తుంది. అయితే ఎముకల వార్డులో పెద్దవయసు రోగులు తమ శరీరం గురించి చెప్పేటప్పుడు వాడేవి వైద్య పదాలు కావు. ‘గో’ అనే చిన్న క్రియతోనే సగం సంగతులు చెప్పేస్తారు.

తుంటి ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడ, ఇంకా ‘బీన్’ కాలేదని నెమ్మదిగా అంటుంది. ‘వెళ్లి రావడం’ అనే అర్థంలో ‘గో’కు బదులు వాడే రూపమది; విరేచనం కాలేదని అర్థం. మన ఊళ్లలోనూ ఆ వయసు ఆడవాళ్లు ‘బయటికి వెళ్లలేదమ్మా’ అనే చెబుతారు కదా, అదే మొహమాటం. ఆ మాటను తేలికగా తీసుకోకూడదు. నొప్పికి ఇచ్చే కోడీన్, మార్ఫిన్ పేగుల కదలికను మందగింపజేస్తాయి. చివరిసారి ఎప్పుడు అయిందో అడగాలి, మలం తీరును ఏడు రకాలుగా చూపే బ్రిస్టల్ చార్టు చూడాలి. అందులో 1 అంటే గట్టి ఉండలు, 7 అంటే పూర్తిగా నీళ్లు. అవసరమైతే అదే పూట డాక్టరుకు చెప్పి విరేచనాల మందు రాయించాలి.

మోకాలు ‘వెంట్’ అంటే నడుస్తుండగా కాలు పట్టు తప్పిందని. వెంటనే ఫిజియోథెరపిస్టుకు తెలియాలి, లేకపోతే మళ్లీ పడిపోతారు. తిండి మీద ‘గాన్ ఆఫ్’ అన్నారంటే ఆకలి చచ్చిపోయిందని. వృద్ధుల్లో ఇన్ఫెక్షన్ ఒక్కోసారి జ్వరం లేకుండా ఇలాగే బయటపడుతుంది. మంచం దిగి నిలబడిన మనిషి ‘గోయింగ్’ అన్నారా, ఇక ప్రశ్నలకు సమయం లేదు. కళ్లు తిరుగుతున్నాయన్నమాట. పట్టుకుని పడుకోబెట్టి రక్తపోటు చూడాలి.

కొత్తగా వచ్చిన మన పిల్లలకు నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. మరణవార్త చెప్పేటప్పుడు మాత్రం ఈ క్రియ జోలికి వెళ్లవద్దు. మనకు ‘పోయారు’ అనడం అలవాటు కాబట్టి ‘గాన్’ అనేది సులువుగా నోటికి వస్తుంది. అర్ధరాత్రి ఫోనులో విన్న కూతురు, నాన్నను వేరే వార్డుకు తీసుకెళ్లారేమో అనుకోవచ్చు. ‘డైడ్’ అని సూటిగా చెప్పాలని ఇక్కడి శిక్షణలో నేర్పుతారు. వినడానికి కటువుగా ఉన్నా అదే దయ అని నా నమ్మకం. ఆ తర్వాత కుటుంబంవాళ్లు ఏ మాట వాడినా సరిదిద్దను. చివర్లో నొప్పి పడ్డారా, పక్కన ఎవరైనా ఉన్నారా అని అడుగుతారు. ఆ జవాబులు సిద్ధం చేసుకున్నాకే ఫోను అందుకోవాలి.