పంపు కొనకముందు లెవల్ పైపు: మా పైఫ్లోర్ నీళ్ళ జోరు సంగతి

ఇల్లు హైదరాబాద్ మల్కాజిగిరిలో, జీ ప్లస్ టూ. నల్లా రోజు మార్చి రోజు వస్తది, సంపులో పడతది, అక్కడి నుంచి మోటర్ తోని టాంకికి, తక్కువ పడితే బోరు. సంపు దాకా గొడవేం లేదు, సంపు రోడ్డు కన్నా కిందనే ఉంటది కాబట్టి లైన్‌లో జోరు తగ్గినా మెల్లగా నిండుతది. (నల్లా లైన్‌కే డైరెక్ట్‌గా మోటర్ తగిలించమని ఎవరన్నా చెప్తే వినకండి, నీళ్ళ బోర్డు జలమండలోళ్ళు చూస్తే మోటర్ పట్టుకపోతరు, పైగా అది పక్కింటోళ్ళ నీళ్ళు గుంజుకునుడే.) మా సమస్యంతా టాంకి నుంచి కిందికి, అదీ రెండో ఫ్లోర్‌కే. పైన కిరాయికుండే తమ్ముడు "అన్నా, షాంపూ పెట్టుకుంటే కడుక్కునేసరికి ఆఫీస్ టైం అయితుంది" అంటుండు.

లెక్క సింపుల్. 10 మీటర్ల ఎత్తుకి చదరపు సెంటీమీటర్‌కి దాదాపు 1 కేజీ ప్రెషర్. కింద ఫ్లోర్ వాళ్ళకి ఆ ఎత్తు ఊరికే దొరుకుతది, పైఫ్లోర్ షవర్‌కీ టాంకిలో నీళ్ళ మట్టానికీ మధ్య మాకు 3 మీటర్లు కూడా లేదు, అంటే 0.3 కేజీ లోపే. ప్లంబర్ వచ్చి చూసి "సార్, ప్రెషర్ పంపు పెట్టేస్తే అయిపోతది" అన్నడు. నాకు డౌట్ ఎక్కడొచ్చిందంటే, 20 లీటర్ల పెయింట్ బకెట్ షవర్ కింద పెట్టి ఫోన్‌లో టైం చూస్తే 5 నిమిషాలు పట్టింది, నిమిషానికి 4 లీటర్లు, ఉన్న ఎత్తుకి ఇది మరీ తక్కువ. ఇంకోటి, మాకు మిద్దె మీద సోలార్ వాటర్ హీటర్ ఉంది. మామూలు సోలార్ టాంకి ప్రెషర్ తట్టుకోదు, దానికి పంపు లైన్ ఇవ్వొద్దు, పోనీ చల్లనీళ్ళకే పంపు పెడితే వేడి, చల్లనీళ్ళు కలిపే మిక్సర్ ట్యాపులో చల్లనీళ్ళు వేడి లైన్‌లోకి ఎదురెక్కి సోలార్ ఎయిర్ పైపు నుంచి కారిపోతయి. పంపు అమ్మేటోళ్ళు ఈ మాట అడిగితే తప్ప చెప్పరు.

అందుకని ముందు నీళ్ళు ఎక్కడ ఆగుతున్నయో పట్టుకోవాలనుకున్న. ప్రెషర్ గేజ్ కొనలే, ఇంత తక్కువ ప్రెషర్‌కి దాని ముల్లు కదిలీ కదలనట్టే ఉంటది. మేస్త్రీలు లెవల్ చూసే ట్రాన్స్‌పరెంట్ పైపు చాలు. ఒక కొస బాత్రూం వాష్‌బేసిన్ ట్యాపుకి క్లిప్ వేసి బిగించి, ఇంకో కొస వెంటిలేటర్ లోంచి మిద్దె మీదికి తీసి టాంకి పక్కన కట్టిన. ట్యాపు తిప్పితే పైపులో నీళ్ళు ఎక్కి ఎక్కి కరెక్టుగా టాంకిలో నీళ్ళ మట్టం దగ్గర ఆగినయి, లోపల బుడగలుంటే తట్టి పోగొట్టాలె, లేకపోతే లెవల్ తప్పు చూపిస్తది. ఇప్పుడు అసలు పని, తమ్ముడిని షవర్ తిప్పమన్న. నీళ్ళు జర్రున దిగి స్లాబ్ కన్నా కిందికి, దాదాపు షవర్ ఎత్తుకి వచ్చి నిలబడ్డయి! అంటే ఉన్న కొంచెం ఎత్తునీ టాంకి నుంచి బాత్రూం దాకా ఉన్న లైనే మింగేస్తుంది, షవర్ హెడ్‌ది తప్పు కాదు. షవర్ తిప్పినా లెవల్ పైననే నిలబడితే మాత్రం షవర్‌నే విప్పి చూసుకోవాలె.

లైన్ విప్పితే టాంకి దగ్గరి పాత గేట్ వాల్వ్ సగంలోనే బిగుసుకుపోయి ఉంది, హ్యాండిల్ తిరుగుతది, లోపలి బిళ్ళ లేవదు. బోరు నీళ్ళ సున్నం గట్టిగా పేరుకుంది, స్క్రూడ్రైవర్‌తో గీకితే పెచ్చులు పెచ్చులుగా ఊడింది. దాని తర్వాత ముప్పావు ఇంచు సీపీవీసీ ప్లాస్టిక్ పైపు, మూడు ఫ్లోర్లకీ అదొక్కటే. కింద ఎవరన్నా బట్టలుతికితే పైన షవర్ పడిపోవుడు అందుకే.

చేసింది ఇది. గేట్ వాల్వ్ తీసి ఫుల్ బోర్ (లోపలి బొక్క పైపంత ఉండే) బాల్ వాల్వ్, పైఫ్లోర్‌కి టాంకి నుంచే సపరేట్ ఇంచు లైన్, ఎల్బోలు ఎంత తగ్గించగలిగితే అంత, అరించు అనేది బాత్రూం గోడలోకి పోయినంకనే. ముప్పావుకీ ఇంచుకీ చూడటానికి పెద్ద తేడా ఉండదు గానీ అదే ఎత్తు మీద నీళ్ళు ఇంచుమించు డబుల్ పోతయి. వాల్వ్ దాటినంక ఒక టీ జాయింట్ వేసి టాంకి కన్నా ఎత్తుకి ఎయిర్ పైపు లేపిన, టాంకి ఖాళీ అయి మళ్ళీ నిండినప్పుడల్లా లైన్‌లో గాలి పట్టి గుడగుడమనుడు బంద్ అయింది. సామాన్లు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో తెచ్చిన, మా దగ్గర హార్డ్‌వేర్ షాపులో ఫుల్ బోర్ అడిగితే అన్నీ ఒకటే అని ఇస్తడు, వాల్వ్ తెరిచి బొక్కలోంచి చూసి తీసుకోండి.

ఇప్పుడదే బకెట్ రెండున్నర నిమిషాల్లో నిండుతుంది, నిమిషానికి 8 లీటర్లు. హోటల్ షవర్ లెక్క కొట్టదు, తల స్నానానికి సరిపోతది. షవర్ హెడ్ పెద్ద గుండ్రంది తీసి చిన్నది పెట్టిన, తక్కువ ప్రెషర్‌కి పెద్ద హెడ్ దండగ.

కింద వాషింగ్ మెషీన్ నీళ్ళు నిండట్లేదని అమ్మ అంటుండె, ఇన్‌లెట్ పైపు విప్పితే చిన్న జాలీ ఉంటది, నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో రాత్రి నానబెట్టి పాత బ్రష్‌తో రుద్దితే అయిపోయింది. వంటింటి ట్యాపు జాలీకి కూడా అదే మందు.

మిగిలింది మిద్దె మీది సీపీవీసీకి వైట్ పెయింట్, ఎండకి పైపు పెళుసుబారుతది, ఎండాకాలం లోపల కొట్టాలె. టాంకి స్టాండ్ ఇంకో రెండడుగులు లేపుదామని కూడా ఉంది, నిండు టాంకి 1000 లీటర్లు అంటే నీళ్ళ బరువే టన్ను, స్లాబ్ మీద అది ఎక్కడ నిలబెట్టాలో మేస్త్రీని అడిగినంకనే ముట్టుకుంట.