ఎర్రవి ముందు అయిపోతాయి

శనివారం. మధ్యాహ్నం మూడు దాటగానే బెంగళూరు మారతహళ్ళిలో మే నెల వాన దంచేసింది. కింద ఆడుకునే చోటంతా బురద, కాబట్టి అపార్ట్‌మెంటు పిల్లలంతా మా హాల్లో దిగిపోయారు. వస్తారని తెలిసే పొద్దున్నే జెమ్స్, పాపిన్స్, నిమ్మతొనలు, మారీ బిస్కెట్లు తెచ్చిపెట్టాను. మిఠాయిలతో బొమ్మలు చేయించాలని నా పథకం.

జిగురుకి పంచదార మిక్సీలో మెత్తగా పొడి చేసి, పాలు చుక్క చుక్కగా వేస్తూ కలిపాను. దోశపిండి కన్నా గట్టిగా ఉండాలి, పాలు ఎక్కువైతే బిళ్ళలు జారిపోతాయి. బిస్కెట్టు మీద అది పూసి రంగు బిళ్ళలు అతికించడమే పని. గుంపులో రెండున్నరేళ్ళ వాడొకడున్నాడు. గుండ్రటి గట్టి బిళ్ళలు గొంతుకి అడ్డం పడతాయని వాడికి మాత్రం అరటిపండు ముక్కలిచ్చాను. వాడు ముక్కలన్నీ పక్కకు నెట్టేసి బిస్కెట్టు తిని వెళ్ళిపోయాడు.

పువ్వు వేయండి, చేప వేయండి అని చెప్పి చూశాను. నా మాట ఎవరిక్కావాలి! వేస్తూ వేస్తూ తింటున్నారు, అదీ ఎర్రవే. ఎందుకు ఎర్రవో వాళ్ళకీ తెలీదు. కాసేపటికి గిన్నెలో ఎరుపన్నదే లేదు. సరదా అంతా అక్కణ్ణుంచే. సగం మందారం వేసిన పిల్ల, "ఆంటీ, పసుపు మందారాలు కూడా ఉంటాయి కదా?" అని నన్ను సాక్ష్యం పిలిచింది. ఉంటాయి మరి. ఫైరింజన్ వేస్తున్నవాడు మిగిలిన నీలం బిళ్ళలు చూసి దాన్ని బీఎంటీసీ బస్సు చేసేశాడు. మా అమ్మాయి మనిషి ముఖం వేసి ఒక కన్ను తినేసింది. ఇదేంటే అంటే, "కన్ను కొడుతున్నాడమ్మా" అంది. అన్ని రంగులూ ఉన్నప్పుడు వేసిన పూలు బజార్లో దొరికే స్టిక్కర్లలాగే ఉన్నాయి. మిగిలినవాటితో వేసినవే నాకు నచ్చాయి.

మధ్యలో తెల్ల పళ్ళెం అంచు చుట్టూ జెమ్స్ పేర్చి, మధ్యలో గోరువెచ్చటి నీళ్ళు పోశాను. బిళ్ళ పైపొరలోని పంచదార, రంగు కరిగి గీతలుగా పళ్ళెం మధ్యకు పాకుతాయి. పంచదార నీళ్ళు బరువు కాబట్టి అడుగునే జరుగుతాయి. పక్కపక్క రంగులు తాకినా వెంటనే కలిసిపోవు, మధ్యలో సరిహద్దు గీసినట్టు కనిపిస్తుంది. కదిపితే అంతే సంగతులు. ఆ కాసేపూ ఒక్కరూ నోట్లో ఏమీ వేసుకోలేదు.

సాయంత్రం పిల్లని తీసుకెళ్ళడానికొచ్చిన పై అంతస్తు కన్నడావిడ గిన్నెలకేసి చూసి, "ఇవన్నీ కలర్లే కదా?" అంది. అడగాల్సిన మాటే. 2024లో ఫిబ్రవరిలో తమిళనాడు, మార్చిలో కర్ణాటక రంగు పీచుమిఠాయిని నిషేధించింది రోడమిన్-బి అనే బట్టల రంగు లాంటివి బయటపడ్డందుకే. ఇవి ప్యాకెట్ మీద నంబరు వేసి అమ్మే, అనుమతి ఉన్న రంగులు. అలాగని రోజూ పెట్టే తిండీ కాదు, ఆ మాటే ఆవిడతో అన్నాను.

వాళ్ళింట్లో సంక్రాంతి సక్కరె అచ్చుల, అంటే పంచదార బొమ్మల చెక్క మూసలున్నాయట. గాంధీ బజారులో కొనకుండా వాళ్ళత్తగారు ఇంట్లోనే పోసేవారట. మా వైపు పెళ్ళి సారెలో పెట్టే పంచదార చిలకలూ అలాంటివే. మూసలు నీళ్ళలో నానబెట్టి, బిగించి కట్టి, పాకం పోస్తే కాసేపట్లో బొమ్మ ఊడి వస్తుంది. మూసలు ఇస్తానంది. పాకం నేను పడతాను, పిల్లల్ని పొయ్యి దగ్గరికి రానివ్వను. రంగు చుక్క కూడా వేయను.

ఇది విని మా అమ్మాయి దిగులు పడింది. "అన్నీ తెల్లవే అయితే ముందు ఏది తినాలి?"

"తోక," అన్నాడు బస్సు పిల్లాడు, బస్సు చక్రం నములుతూ.