మారుత్ విమానానికి రేకు తొడిగాను: నా అనుభవం

నేను చేసిన మారుత్ యుద్ధవిమానం మోడల్‌కు రెండు ఇన్‌టేకుల (గాలి పీల్చుకునే నోళ్ళ) అంచుల మీదా రేకు చీలకుండా కూర్చుంది. ఈ మాట రాయడానికి ఎంతకాలంగా ఎదురుచూస్తున్నానో మా ఇంట్లోవాళ్ళకు తెలుసు. చేతికంటిన జిగురు ఇంకా పూర్తిగా పోలేదు. అయినా ఆ వేడి తగ్గకముందే రాసేయాలి. ఈ పనిలోకి దిగే ఇంకొకరికి నాకు జరిగింది జరగకూడదు.

మాది అనంతపురం. కమలానగర్‌లో చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సు ఉంది. పెళ్ళి కార్డులు, బిల్లు బుక్కులు, ఎన్నికలొస్తే కరపత్రాలు. నేను చేసింది హెచ్.ఎఫ్-24 మారుత్ మోడల్, అసలు విమానంలో ఎనిమిదో వంతు. అసలుది 15.87 మీటర్ల పొడవు, రెక్కల కొస నుంచి కొసకు 9 మీటర్లు. నాది దాదాపు రెండు మీటర్ల పొడవు, రెక్కల దగ్గర 112 సెంటీమీటర్ల పైచిలుకు. ఇది ఎగిరే మోడల్ కాదు. కిట్టు కొని అతికించింది కూడా కాదు, ప్రతి ముక్కా చేత్తో కోసింది.

ఇన్ని విమానాలుండగా మారుతే ఎందుకని చాలామంది అడిగారు. మన దేశంలో రూపుదిద్దుకున్న మొదటి జెట్ ఫైటర్ అది. జర్మన్ ఇంజనీరు కుర్ట్ టాంక్ బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్ళతో కలిసి డిజైన్ చేశాడు. 1961 జూన్ 17న సురంజన్ దాస్ దాన్ని మొదటిసారి ఎగరేశాడు. మొత్తం 147 తయారయ్యాయి. అనుకున్న ఇంజన్ దొరకలేదు. తక్కువ శక్తి ఉన్న ఓర్ఫియస్ ఇంజన్లు రెండు పెట్టి నడిపించారు. దాంతో ధ్వని వేగం దాటుతుందనుకున్నది దాటలేకపోయింది. ఇప్పుడు దాన్ని ఫెయిలైన విమానం అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తగిన ఇంజన్ ఇవ్వకుండా విమానాన్ని తిడితే ఏం న్యాయం? 1971 యుద్ధంలో రాజస్థాన్ సరిహద్దులో శత్రువు మీద దాడికి వెళ్ళిన విమానం అది.

అస్థిపంజరం సులువుగానే అయిపోయింది. ప్లైవుడ్ చట్రాలు, వాటి మీద సన్నటి చెక్కపట్టీలు, పైన కార్లకు పెట్టే పుట్టీ. చెక్క మీద రేకు వేస్తే అసలైన మెటల్ విమానం ఎలా అవుతుందని కొందరు ఎగతాళి చేశారు. టాంక్ బృందమే 1959లో ముందు పూర్తి సైజు చెక్క గ్లైడర్ చేసి, ఎగరేసి చూసుకుంది. పుట్టీని మాత్రం ఓపిగ్గా తోమాలి. పైన వేసేది పల్చటి రేకు కదా, కింద ఇసుక రేణువున్నా పైకి కనిపిస్తుంది.

ఇక రేకు. ఇందులో ప్రెస్సువాణ్ణి కావడం నాకు కలిసొచ్చింది. మనం ప్రింటింగ్ అయ్యాక పాత సామాన్లకు వేసే ప్లేట్లు మంచి అల్యూమినియం. చిన్న మిషను ప్లేటు 0.15 మిల్లీమీటర్లు, పెద్ద మిషనువి 0.30 దాకా ఉంటాయి. అసలు విమానం మీద 1.2 మిల్లీమీటర్ల రేకుంటే ఎనిమిదో వంతులో అది సరిగ్గా 0.15. ఇంతకంటే ఏం కావాలి? బయటి ఊళ్ళ మోడలర్లు కొందరు ఫోన్లో అల్యూమినియం టేపు అతికించమని సలహా ఇచ్చారు. వాళ్ళ మాట వినకండి. టేపు గోరు తగిలితే నలుగుతుంది.

ప్లేటు మీద బొమ్మ పోగొట్టడానికి యాసిడ్లూ కాస్టిక్ సోడా అక్కర్లేదు. ముందు కిరసనాయిలుతో ఇంకు తుడిచి ఎండలో పెట్టాలి. మామూలు పాజిటివ్ ప్లేటైతే (వెలుగు తగిలిన చోట పూత కరిగిపోయే రకం) మన అనంతపురం ఎండకు పూత మొత్తానికీ వెలుగు తగులుతుంది. తర్వాత ప్రెస్సులో ఆ పూత కడగడానికి వాడే డెవలపర్ మందుతో తుడిస్తే శుభ్రంగా వచ్చేస్తుంది. చేతికి గ్లవుజులు వేసుకోండి. గరుకుగా ఉండే ప్రింటింగ్ వైపు లోపలికి పెట్టాలి, జిగురు దానికి బాగా పడుతుంది. నున్నటి వెనక వైపే విమానానికి చర్మం.

రెక్కలు, తోక అనుకున్నట్టే అయ్యాయి. అవి ఒకవైపే వంగుతాయి కాబట్టి రేకు చెప్పిన మాట వింటుంది.

అసలు కష్టం ఇన్‌టేకుల దగ్గర మొదలైంది. మారుత్‌కు కాక్‌పిట్ వెనక రెండు పక్కలా గాలి పీల్చుకునే నోళ్ళుంటాయి. అర్ధచంద్రాకారంలో ఉంటాయి, మధ్యలో సగం శంకువు. ఆ నోటి అంచు దగ్గర రేకు చుట్టూ వంపు తిరుగుతూనే లోపలికి మడవాలి. అంటే ఒకేసారి రెండు దిక్కులా వంగాలి. కాగితాన్ని బంతి మీద మడతలు లేకుండా అతికించగలమా? ఇదీ అంతే. టేకుతో అచ్చు చేసి, దాని మీద రేకు పెట్టి, నున్నటి పుల్లతో రుద్దుతూ లోపలికి తిప్పేవాణ్ణి. సగం దాకా అందంగా వచ్చేది. తర్వాత చిన్న టిక్‌మన్న చప్పుడు, అంచు నుంచి వెంట్రుకంత చీలిక. ఇంకొంచెం రుద్దితే ఆ చీలిక గోరంత అయ్యేది. ప్రతి ముక్కా అంతే. వేరే ప్లేటు తీసుకున్నా అంతే. రాత్రి ప్రెస్సు మూసి కూర్చుంటే ఆ టిక్కు వినబడుతుందేమోనని చేతులు బిగుసుకుపోయేవి. అంత టెన్షన్ నేను ఎన్నికల ముందు రోజు మిషను ఆగిపోయినప్పుడు కూడా పడలేదు.

అన్నిటికంటే బాగా వచ్చిన ముక్క ఒకటుంది, చివర మాత్రమే చీలింది. దాన్ని గుడ్డలో చుట్టుకుని ఒక ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్ళాను. ఏ ఊరిదో, ఏ కాలేజీనో రాయను. అక్కడ వర్క్‌షాప్ చూసే పెద్దమనిషి రేకు పనుల గురించి పాఠాలు చెబుతాడని విన్నాను. చాలాసేపు బయట బెంచీ మీద కూర్చోబెట్టి, చివరికి క్లాసు జరుగుతుండగా లోపలికి పిలిచాడు. ముక్క చూపించి, ఎందుకు చీలుతోందో చెప్పండి సార్ అన్నాను.

"ఇది ప్రెస్సు ప్లేటు కదా?" అన్నాడు. అవునన్నాను. "దీంతో విమానమా?" అని పిల్లల వైపు తిరిగాడు. పిల్లలు నవ్వారు. ఇది షీట్ మెటల్ కాదని చూపించడానికి ఆ ముక్కను రెండు వేళ్ళతో మధ్యకు మడిచేశాడు. మడిచి చెత్తబుట్టలో వేశాడు. "సిల్వర్ పెయింట్ కొట్టండి, ఫోటోలో తేడా తెలీదు. మీకొచ్చిన పని మీరు చేసుకోండి" అన్నాడు. నేను ఆ బుట్టలో చెయ్యి పెట్టి, నా ముక్క నేను తీసుకుని బయటికొచ్చాను. అంతమంది పిల్లల ముందు.

వయసులో నాకంటే చిన్నవాడు. తెలియకపోతే తెలియదనొచ్చు, అందులో తప్పులేదు. ఇంకొకరు చేతులారా చేసిన వస్తువును పాడుచేసే హక్కు ఎవరికీ లేదు. చదువు చెప్పేవాడికి అసలే లేదు. ఆ పిల్లలు ఆరోజు ఏం నేర్చుకుని ఉంటారు?

మడత పడిన ఆ ముక్కే నాకు దారి చూపింది. పాతూరులో బిందెలు, గంగాళాలు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నాడు. మా ఇంటి ఇత్తడి సామాను ఆయన దగ్గరికే వెళ్తుంది. ముక్క చేతిలో పెట్టాను. దేనికని కూడా అడగలేదు. బొటనవేలితో చీలిన అంచు పొడవునా మెల్లగా తడిమాడు.

"కత్తెరతో కోసినావా సామీ?"

"అవునన్నా."

"మరి అంచు తోమినావా?"

లేదన్నాను. "అదే. కత్తెర పడిన చోట పండ్లుంటాయి, కంటికి కనపడవు. రేకు సాగేటప్పుడు అక్కడే పట్టుకుని చీలేది. ముందు అంచు అద్దం మాదిరి తోమల్ల. ఇంకోటి, రుద్దేకొద్దీ రేకు బిగుసుకుంటుంది. బిగిసినాక బలవంతం చేస్తే ఏ రేకైనా చీలుతుంది. నిలిపేసి కాల్చల్ల."

కాల్చడం నాకు కొత్త కాదు, కానీ ఎన్నిసార్లు కాల్చాలో ఎవరూ చెప్పలేదు. ఇనుములాగా అల్యూమినియం ఎర్రబడి హెచ్చరించదు. చూస్తుండగానే 660 డిగ్రీల దగ్గర కరిగి కారిపోతుంది. అందుకని బట్టల సబ్బు బిళ్ళతో రేకు మీద తడిలేకుండా గీత గీసి, వెనక నుంచి మంట ఆడిస్తూ చూడాలి. సబ్బు గీత ముదురు గోధుమ రంగు నుంచి నల్లబడగానే మంట తీసేయాలి. ఆ వేడికి రేకు మెత్తబడుతుంది. నీళ్ళలో ముంచినా ఊరికే వదిలినా ఒకటే.

ఇక పని ఇలా నడిచింది. ముక్క కోయడం, అంచును 600 నంబరు వాటర్ పేపరుతో, తర్వాత 1000తో తడిపి తోమడం, కాల్చడం, కొవ్వొత్తి మైనం రాసి కొంచెం రుద్దడం. పుల్ల కింద రేకు ఎదురు తిరుగుతున్నట్టు చేతికి తెలియగానే ఆపేసి, మైనం తుడిచి మళ్ళీ కాల్చడం. ఒక్కో విడతలో రెండు మూడు మిల్లీమీటర్ల కంటే తిప్పకూడదు. అలా తిప్పుతూ పోతే నోటి అంచు లోపలికి గుండ్రంగా, ఒక్క ముడత లేకుండా వాలిపోయింది. పూర్తయ్యాక పట్టుకెళ్ళి పెద్దాయనకు చూపించాను. వెలుతురులోకి తిప్పి చూసి "బాగా తీసినావు" అన్నాడు. నాకు ఆ మాట చాలు.

విమానం నడుము దగ్గర కూడా ఇదే బాధ. వేగం కోసం మారుత్ నడుమును సన్నగా లోపలికి నొక్కినట్టు చేశారు. అక్కడ ఒకే రేకు వేద్దామని చూడకండి. బెంగళూరు కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియం ఆవరణలో అసలు మారుత్ నిలబెట్టారు. అనంతపురం నుంచి రైలెక్కితే పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేయొచ్చు. వెళ్ళి అతుకులు ఎక్కడున్నాయో చూడండి. వంపు ఎక్కువయ్యే చోట రేకును ముక్కలు చేసి ఉంటారు. ఫ్యాక్టరీ వాళ్ళకు కూడా రేకుతో ఇదే గొడవ మరి. వాళ్ళు అతికిన చోటే నేనూ అతికాను, సగం తలనొప్పి పోయింది.

రివెట్ల సంగతి. పైకి ఉబ్బిన రివెట్లు కావాలంటే దర్జీలు వాడే పళ్ళ చక్రాన్ని వెనక నుంచి దొర్లిస్తే సరిపోతుంది. మారుత్ మీద చాలావరకు రేకుతో సమంగా ఉండే రివెట్లు. వాటికి నీలం మూతి ఉండే 23 గేజీ సిరంజి సూది తీసుకుని, మొనను సమంగా అరగదీశాను. దాని బయటి కొలత 0.64 మిల్లీమీటర్లు. స్కేలు పక్కన పెట్టి, సూదిని నిలువుగా ఆనించి, వేళ్ళ మధ్య అటూ ఇటూ కొంచెం తిప్పితే సన్నటి సున్నా పడుతుంది. వేల సున్నాలు చుట్టాను. పక్కనుంచి వెలుతురు పడితే ప్రతిదీ కనిపిస్తుంది. సిల్వర్ పెయింట్‌తో ఇది వస్తుందేమో ఆ పెద్దమనిషిని వచ్చి చూడమనండి.

జిగురు చెప్పులకు వాడే రబ్బరు సొల్యూషనే. రెండు వైపులా పూసి, వేలికి అంటకుండా ఆరాకే అతికించాలి. తడి మిగిలితే మధ్యాహ్నం వేడికి లోపల ఆవిరి చేరి బుడగలొస్తాయి. ఎండాకాలంలో తెల్లవారుజామునే ఈ పని ముగించండి.

అనంతపురం చుట్టుపక్కల ఎవరైనా మొదలుపెట్టదలిస్తే నా ప్రెస్సులో పాత ప్లేట్లు ఎప్పుడూ ఉంటాయి. పాత సామాన్లవాడు కిలోకు ఇచ్చే రేటే ఇవ్వండి. స్కూలు పిల్లలైతే డబ్బులొద్దు. ముందు రోజు చెబితే ఎండలో పెట్టి, పూత తీసి, కడిగి ఉంచుతాను.