నూలు తీసేది సూది, ఆక్సైడ్‌ను చేసేది ఫర్నేస్

మా ప్రయోగశాలకు కొత్తగా వచ్చే విద్యార్థులు, విద్యుత్ బలంతో ద్రావణం నుంచి అతి సన్నని పోగులు లాగే ఎలక్ట్రోస్పిన్నింగ్ యంత్రంలో ముందుగా చూడాలనుకునేది సూదినే. అది సహజం. 15 కిలోవోల్టులు దాటేసరికి సూది మొనన వేలాడుతున్న ద్రావణపు బొట్టు గుండ్రదనం కోల్పోయి శంకువులా సాగుతుంది. దాని కొస నుంచి కనీకనిపించని ధార ఒకటి బయలుదేరి, కొద్ది దూరం తిన్నగా సాగి, ఆపైన కొరడా ఝళిపించినట్టు మెలికలు తిరుగుతూ సన్నబడి, ఎదురుగా ఉన్న అల్యూమినియం ఫాయిల్ మీద తెల్లటి పొరగా పేరుకుంటుంది. ఆ శంకువు ఎందుకు నిలబడుతుందో 1964లో బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త జెఫ్రీ టేలర్ గణితంతో వివరించి, దాని అర్ధకోణం 49.3 డిగ్రీలని తేల్చారు. అందుకే నేటికీ దాన్ని టేలర్ శంకువు అనే పిలుస్తున్నాం.

అయితే ఫాయిల్ మీద పేరుకున్న ఆ పొర ఇంకా మనకు కావలసిన లోహ ఆక్సైడ్ కాదు. అది లోహ సమ్మేళనాన్ని తనలో దాచుకున్న పాలిమర్ నూలు మాత్రమే. దాన్ని టైటానియం డయాక్సైడ్‌గానో, టిన్ ఆక్సైడ్‌గానో మార్చేది ఫర్నేస్. పరిశోధన పత్రాల్లో సూది గురించి పేరా నిండా రాసి, వేడి చేసిన తీరును ఒక్క వాక్యంతో ముగించడం తరచుగా కనిపిస్తుంది. ఇన్నేళ్ల అనుభవంతో నేను చెప్పగలిగేది ఏమిటంటే, పోగు గుణం చాలావరకు ఆ ఒక్క వాక్యంలోనే ఉంది.

టైటానియం డయాక్సైడ్ పోగులకు మేము వాడే పద్ధతి, 2003లో పరిశోధకులు డాన్ లీ, యూనన్ షియా ప్రచురించిన పద్ధతికి దగ్గరగానే ఉంటుంది. టైటానియం టెట్రా ఐసోప్రొపాక్సైడ్ అనే టైటానియం సమ్మేళనాన్ని ఎసిటిక్ ఆమ్లం, ఎథనాల్‌తో కలిపి, అందులో దాదాపు 13 లక్షల అణుభారం గల పాలివినైల్ పైరాలిడోన్ అనే పాలిమర్‌ను కరిగిస్తాం. ఇంత పొడవైన పాలిమర్ గొలుసులు ఎందుకంటే, అవి ఒకదానితో ఒకటి చిక్కుపడితేనే ధార తెగకుండా సాగుతుంది. పలుచగా ఉంటే పోగు మీద పూసలు కట్టినట్టు ఉబ్బులు వస్తాయి. మరీ చిక్కబడితే సూది మూసుకుపోతుంది. తీగపాకం పట్టడం తెలిసిన చేతికి ఈ చిక్కదనం త్వరగా పట్టుబడుతుంది. రెండు వేళ్ల మధ్య పాకం సాగే తీరును చూసి పొయ్యి ఆపినట్టే, గాజుకడ్డీకి అంటిన ద్రావణం సాగే తీరును చూసి సిరంజి నింపుతాం.

సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు కాబట్టి వానాకాలం మాకు కష్టకాలం. ఐసోప్రొపాక్సైడ్ గాలిలోని తేమతోనే చర్య జరిపి గట్టిపడే పదార్థం. తేమ 80 శాతం చూపిస్తున్న ఒక జూలై రోజున, సూది మొనన పావుగంటలోనే సున్నం పెట్టినట్టు తెల్లటి పెచ్చు కట్టి, ధార పక్కకు తిరిగి, పొరకు బదులు తడిమరకలు పడ్డాయి. ముసురులో వడియాలు పెట్టరు. ఆ రోజు మేమూ యంత్రం ఆపేసి, తేమను తగ్గించే ఏర్పాటు చేసుకున్న తరువాతే మళ్లీ మొదలుపెట్టాం.

ఇక ఫర్నేస్ సంగతి. పొరను ఫాయిల్ నుంచి ఒలిచి, అల్యూమినా క్రూసిబుల్‌లో పరిచి, గాలిలో 500 డిగ్రీల సెల్సియస్‌కు తీసుకువెళతాం. ఈ దారిలో ముందుగా మిగిలిన ద్రావణి ఆవిరవుతుంది, తరువాత పాలిమర్ విచ్ఛిన్నమై కాలిపోతుంది, చివరకు మిగిలిన ఆక్సైడ్ అనటేజ్ అనే రూపంలోని స్ఫటికాలుగా కుదురుకుంటుంది. ఒకసారి మధ్యలో కరెంటు పోయి ఫర్నేస్ 310 డిగ్రీల దగ్గర ఆగిపోయింది. చల్లారాక తెరిచి చూస్తే, పాలలా తెల్లగా పెట్టిన పొర అంచుల్లో తేనెరంగుకు, నడుమ మసినలుపుకు మారి ఉంది. పాలిమర్ సగమే కాలి, బొగ్గు ఇంకా పోగులోనే ఉండిపోయింది. అదే పొరను మళ్లీ 500 డిగ్రీల వద్ద ఉంచితే బొగ్గంతా పోయి తిరిగి తెల్లబడింది. కాకపోతే బాగా ముడుచుకుపోయి, పట్టకారు తగలగానే పొడిగా రాలింది.

అందుకే వేడి పెంచే వేగం మీద నాకు పట్టుదల ఎక్కువ. నిమిషానికి 10 డిగ్రీల చొప్పున తొందరగా పెంచితే, పాలిమర్ కాలినప్పుడు పుట్టే వాయువులు ఒక్కసారిగా బయటికి తన్నుకువచ్చి పోగును పగలగొడతాయి. నిమిషానికి 1 లేదా 2 డిగ్రీలతో వెళ్తే పోగు సన్నబడుతుంది కానీ తెగిపోదు. అలాగని చివరి ఉష్ణోగ్రతను ఇష్టం వచ్చినట్టు పెంచడానికీ లేదు. రేణువులు ఒకదానిలో ఒకటి కలిసి పెద్దవవుతాయి, అనటేజ్ క్రమంగా రూటైల్ అనే మరో స్ఫటిక రూపంగా మారుతుంది, ఏ ఉపరితలం కోసం ఇంత శ్రమ పడ్డామో అది తగ్గిపోతుంది.

ఆ ఉపరితలం విలువ, గాలిలోని వాయువులను పసిగట్టే వాయు సంవేదకాల్లో (గ్యాస్ సెన్సర్లలో) బాగా తెలుస్తుంది. టిన్ ఆక్సైడ్ పోగును 200 నుంచి 400 డిగ్రీల మధ్య వేడిగా ఉంచితే, గాలిలోని ఆక్సిజన్ దాని మీద అంటుకుని పోగులోని ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది. దాంతో ఉపరితలానికి కొద్ది నానోమీటర్ల లోతు వరకు ఎలక్ట్రాన్లు కరువై విద్యుత్ నిరోధం పెరుగుతుంది. వంటగ్యాస్ వంటి, ఆక్సిజన్‌ను లాక్కునే (క్షయకరణ) వాయువు తగిలినప్పుడు అది ఆ ఆక్సిజన్‌తో కలిసిపోతుంది, ఎలక్ట్రాన్లు పోగుకు తిరిగి చేరుతాయి, నిరోధం పడిపోతుంది. దళసరి పదార్థంలో ఈ మార్పు పైపైనే ఆగిపోతుంది. పోగులోని రేణువు 10, 15 నానోమీటర్లే ఉంటే, దాదాపు రేణువంతా మార్పులో పాలుపంచుకుంటుంది. పైగా పోగుల నడుమ ఖాళీలు ఉండడం వల్ల వాయువు లోపలి దాకా సులభంగా చేరుతుంది.

కాంతి సాయంతో మలినాలను విరగ్గొట్టి నీటిని శుభ్రపరచడంలో టైటానియం డయాక్సైడ్ పోగుల ఉపయోగం గురించి మాత్రం నేను కాస్త ఆచితూచి మాట్లాడతాను. అనటేజ్ శక్తి అంతరం, అంటే దానిలోని ఎలక్ట్రాన్‌ను కదిలించడానికి కాంతి ఇవ్వాల్సిన కనీస శక్తి, 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు కాబట్టి అది పనిచేయడానికి అతినీలలోహిత కాంతి కావాలి. నేలకు చేరే సూర్యకాంతిలో ఆ భాగం సుమారు 5 శాతమే. పరీక్షల్లో వాడే మిథిలీన్ బ్లూ అనే రంగు వెలిసిపోవడాన్ని చూపి నీరు శుభ్రపడిందనడం కూడా సరికాదు. ఆ రంగు తానే కాంతిని గ్రహిస్తుంది, రంగు పోయినా దాని ముక్కలు నీటిలో మిగిలి ఉండవచ్చు. చీరాలలోనో, పోచంపల్లిలోనో అద్దకపు నీటికి ఇది పనికొస్తుందని చెప్పాలంటే, నీటిలో మిగిలిన మొత్తం కార్బన్‌ను కొలిచి చూపాలి.

ప్రస్తుతం మేము పడుతున్న ఇబ్బంది పెళుసుదనం. కాల్చిన పొరను ఎలక్ట్రోడ్ల మీదికి చేర్చేలోగానే అది విరిగిపోతోంది. 2006లో ఇల్-డూ కిమ్ బృందం దీనికి ఒక చక్కని మార్గం చూపింది: పాలివినైల్ ఎసిటేట్‌తో తీసిన పచ్చిపొరను ఎలక్ట్రోడ్లున్న పలక మీదే పేర్చి, 120 డిగ్రీల వద్ద అదిమి, ఆ తరువాతే కాల్చడం. పాలిమర్ కొద్దిగా మెత్తబడి పోగులను పలకకు అతికిస్తుంది కనుక, కాలిన తరువాత కూడా పట్టు నిలుస్తుంది. మేము ఈ వారం మొదటి పలకను అదిమి ఫర్నేస్‌లో పెట్టాం, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున.